మహిమకు గీటురాయి ఏది?

పిల్లలూ! మణుల కథలు మీరంతా చదివే ఉంటారు. ఒక మణిని అరగదీసి ఆ గంధం పూస్తే పోయిన ప్రాణం తిరిగి వస్తుంది. మరొక మణిని నోట్లో పెట్టుకుంటే మనిషి ఎవరికీ కనిపించకుండా పోతాడు. అదే మణిని రాజుగారికి ఇస్తే అర్ధరాజ్యం దక్కుతుంది. అంటే ఆ కథల లోకంలో ఒకే రాయి మందుగానూ, మంత్రంగానూ, డబ్బుగానూ పనిచేస్తుందన్నమాట.

అటువంటి కథలను తెలుగువాళ్ల ఇంటింటికీ చేర్చిన ‘చందమామ’కు తెనాలితో దగ్గర చుట్టరికం ఉంది. 1947 జూలైలో ఆ పత్రికను ప్రారంభించిన వారిలో ఒకరైన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో చనిపోయేవరకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలిలో పుట్టినవారే. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. మాయలూ, మణులూ ఉన్న కథలను దిద్దుతూనే మరోపక్క సైన్సు వ్యాసాలు కూడా రాశారు. ఇందులో వింత ఏమీ లేదు. కథలోని మణి కథలో పనిచేస్తే చాలు. దాన్ని చదివి ఆనందించడానికి దాన్ని నమ్మనక్కరలేదు. ఆ మణి పుస్తకంలోంచి దిగివచ్చి మన వేలికి ఎక్కినప్పుడే చిక్కు మొదలవుతుంది.

మన ఊళ్లలో అలా వేళ్లకు ఎక్కిన రాళ్లు తక్కువేమీ కాదు. పరీక్ష పాసవడానికి పచ్చ, పెళ్లి కుదరడానికి పుష్యరాగం, శని పోవడానికి నీలం, దుకాణం గుమ్మానికి పటిక, పసిపిల్లలకు ఉప్పుతో దిష్టి. “పది మందీ నమ్ముతున్నారు గదా, అందులో ఏదో ఉండే ఉంటుంది” అంటారు పెద్దలు. “డబ్బు కూడా నమ్మకం మీదే గదా నడుస్తుంది!” అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. డబ్బుకు నమ్మకం చాలు. మందుకు చాలదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో చూద్దాం.

భట్టిప్రోలు పెట్టెలు చెప్పేది

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి తవ్వించాడు. లోపల రాతి పెట్టెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన శాసనాలు ఉన్నాయి. మన దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో ఇవి కూడా ఉన్నాయి. ఆ పెట్టెల్లో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, ముత్యాలు దొరికాయి. స్ఫటికం అంటే స్వచ్ఛమైన క్వార్ట్జ్. మన కాలవ గట్టు మీది ఇసుకలో ఎక్కువ భాగం కూడా అదే పదార్థం.

రెండు వేల ఏళ్ల కిందటి మనుషులు తాము పూజించే ధాతువులను ఆ స్ఫటికంలో దాచుకున్నారు. అది వారి గౌరవం. గౌరవాన్ని పరీక్షపెట్టవలసిన పనిలేదు. మీ తాతగారి కళ్లజోడును మీరు దాచుకుంటే అది మీ ప్రేమకు గుర్తు. దాన్ని ఎవరూ కాదనరు. కాని “ఈ కళ్లజోడు పెట్టుకుంటే జ్వరం తగ్గుతుంది” అంటే మాత్రం వేరే సంగతి. అప్పుడు మీరు ప్రకృతి గురించి ఒక మాట చెబుతున్నారు. అది నిజమో కాదో చూడవచ్చు, చూడాలి కూడా.

అదే భట్టిప్రోలు స్తూపం ఇంకో పాఠం కూడా నేర్పుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలను పగలగొట్టి రోడ్డుకు వేశారు. చెక్కిన పాలరాతి పలకలను వెల్లటూరు దగ్గర కాలవ కట్టడానికి వాడారు. రాయి మారలేదు. దాని బరువు, గట్టిదనం, రంగు అలాగే ఉన్నాయి. మారింది చూసే మనిషి. ఒక కాలపు మనిషికి అది పూజనీయం, మరో కాలపు మనిషికి అది రాళ్ల గుట్ట. కనుక ఆ పూజ్యత రాతిలోపల లేదు, మన మనసుల్లో ఉంది.

నాణెం ఎందుకు చెల్లుతుంది?

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. శాతవాహనుల కాలంలో మన ప్రాంతంలో సీసపు నాణేలు విరివిగా చలామణీ అయ్యాయి. ఓడ బొమ్మ ముద్రించిన సీసపు నాణేలు కూడా ఉన్నాయి. సీసం మెత్తని లోహం. అందానికీ పనికిరాదు, ఆయుధానికీ పనికిరాదు. అయినా దాన్ని ఇస్తే బజారులో సరుకు వచ్చేది. అదే కాలంలో రోము దేశపు బంగారు నాణేలు సముద్రం దాటి వచ్చాయి. వినుకొండలో అటువంటివి దొరికాయి.

మనం రోజూ వాడే ‘డబ్బు’ అన్న మాట కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. రాగి బిళ్ల పేరు మొత్తం ధనానికే పేరైపోయింది. బ్రిటిషు వారి కాలంలో రూపాయి బరువు ఒక తులం, అంటే దాదాపు 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, వెండిని సగానికి తగ్గించారు. యుద్ధం ముగిశాక వెండి తీసేసి నికెల్‌తో చేశారు. ఇప్పుడు మీ జేబులోని రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. వెండి పోయింది, నికెల్ పోయింది, రూపాయి మాత్రం రూపాయిగానే ఉంది!

ఇంకో ఉదాహరణ చూడండి. మీ ఇంట్లో పాత డబ్బాలో పావలా బిళ్లలు ఉంటాయేమో వెతకండి. 2011 జూన్ 30 తరువాత అవి చెల్లవు. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి రూపాయల పాత నోట్లు చెల్లవని ప్రకటించారు. ఆ రాత్రి పన్నెండు గంటలకు ముందూ, తరువాతా ఆ కాగితంలో ఒక్క అణువైనా మారలేదు. మారింది ఒప్పందం.

డబ్బు ఒక ఒప్పందం. ‘ఇది ఇస్తే నువ్వు తీసుకుంటావు, రేపు నీ దగ్గర మరొకరు తీసుకుంటారు’ అన్న భరోసా. దాని వెనుక ప్రభుత్వం, చట్టం, రిజర్వు బ్యాంకు ఉంటాయి. అందరూ ఒప్పుకుంటే అది చెల్లుతుంది, ఒప్పుకోకపోతే చెల్లదు. కనుక ఇక్కడ నమ్మకమే పనిచేస్తుంది. అది మూఢనమ్మకం కాదు. మనుషులు కలిసి నిర్మించుకున్న ఒక ఏర్పాటు.

మరి బంగారానికే అంత మోజెందుకు? దానికి సొంత గుణాలు ఉన్నాయి. తుప్పు పట్టదు. మెత్తగా ఉంటుంది కనుక ఎలా కావాలంటే అలా సాగుతుంది. అరుదుగా దొరుకుతుంది. ముక్కలు చేసినా, కరిగించి మళ్లీ ఒకటి చేసినా పాడవదు. అందుకే నాణేలను దండగా గుచ్చి కాసులపేరు చేయించుకోవచ్చు, కాసులపేరును కరిగించి అమ్ముకోవచ్చు. అయినా ఎడారిలో దాహంతో ఉన్నవాడికి గ్లాసెడు నీళ్లకంటే బంగారం ఎక్కువేమీ కాదు. ధరను పెంచేది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ.

కంసాలి చేతిలోని నల్లరాయి

ఒక్కసారి తెనాలి బజారులో బంగారపు కొట్టుకు వెళ్లి చూడండి. పాత గొలుసు అమ్మడానికి ఎవరైనా వస్తే “ఇది మేలిమి బంగారమని మా అత్తగారు చెప్పారండీ” అన్నంత మాత్రాన కొట్టువాడు డబ్బు లెక్కపెట్టడు. నల్లని గీటురాయి తీస్తాడు. గొలుసును దాని మీద రుద్దుతాడు. పసుపుపచ్చని గీత పడుతుంది. పక్కనే, నాణ్యత తెలిసిన బంగారంతో మరో గీత గీస్తాడు. రెండింటి మీదా ఆమ్లం చుక్క వేస్తాడు. నత్రికామ్లంలో రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం కరగదు. ఏ గీత ఎంత నిలిచిందో చూసి కల్తీ ఎంతో చెబుతాడు. ఇప్పుడు ఇంకా కచ్చితంగా కొలిచే యంత్రాలు వచ్చాయి. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు నిబంధన కూడా దశలవారీగా అమలులోకి వచ్చింది. 916 అని ముద్ర ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని అర్థం.

గమనించారా? ఇందులో ఎవరి మాటనూ గుడ్డిగా నమ్మవలసిన పనిలేదు. అమ్మేవాడు మంచివాడైనా, చెడ్డవాడైనా గీత మాత్రం అదే పడుతుంది. తులం బంగారానికి ఇంత జాగ్రత్త తీసుకునే మనం, అదే వీధిలో పక్క కొట్టుకు వెళ్లి, “ఈ రాయి మీ అబ్బాయి జాతకాన్ని మారుస్తుంది” అంటే ఏ పరీక్షా అడగకుండా వేలకు వేలు ఎందుకు ఇస్తున్నాం? బంగారానికి గీటురాయి ఉంది. మహిమకు గీటురాయి ఏది?

నవరత్నాలను విప్పి చూస్తే

రత్నాలకు గుణాలు లేవని కాదు. చక్కని గుణాలు ఉన్నాయి. వాటిని ఒకసారి విప్పి చూడండి.

కెంపు సూర్యుడిదనీ, నీలం శనిదనీ జ్యోతిష్కులు చెబుతారు. ఆ ఇద్దరికీ పడదనీ, రెండు రాళ్లూ కలిపి పెట్టుకోరాదనీ అంటారు. కాని కెంపూ, నీలమూ ఒకే ఖనిజం! దాని పేరు కురువిందం, అల్యూమినియం ఆక్సైడు. అందులో ఇసుమంత క్రోమియం చేరితే ఎరుపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. కనకపుష్యరాగం పేరుతో సాధారణంగా అమ్మే పసుపు రాయి కూడా కురువిందమే. పెన్సిళ్లను, కత్తులను నూరే ఆకురాయిలో కూడా అదే పదార్థం ఉంటుంది.

ముత్యం, పగడం అయితే భూమిలోంచి తవ్వితీసిన ఖనిజాలే కావు. సముద్ర జీవులు తయారుచేసినవి. రెండూ ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు. నిజాంపట్నం తీరంలో దొరికే ఆల్చిప్పలూ, గుల్లలూ కూడా అదే. ఆ గుల్లల్ని కాల్చి చేసిన గుల్లసున్నంతోనే మన పూర్వులు గోడలు కట్టారు, తాంబూలం వేసుకున్నారు. ఒక గుల్ల మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నగా నురగ వస్తుంది. ముత్యం మీద పిండినా అంతే జరుగుతుంది. (ఇంట్లో ముత్యాలతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి!) చంద్రుణ్ణి శాంతింపజేసే శక్తి కాల్షియం కార్బొనేటుకు ఉంటే, సున్నం కొట్టిన ప్రతి గోడకూ అందులో వాటా ఉండాలి గదా!

గోమేధికం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అది గార్నెట్ అనే ఖనిజ కుటుంబంలోది. బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి వెళితే ఇసుకలో నల్లని, ఎర్రని చారలు చూడండి. నల్లని రేణువుల్లో ఇల్మనైటు, మాగ్నటైటు ఉంటాయి. ఎర్రని రేణువులు ఎక్కువగా గార్నెట్లు. తూర్పు కనుమల రాళ్లు లక్షల ఏళ్లుగా అరిగి, నదుల్లో కొట్టుకువచ్చి, సముద్రం చేత చెరిగి పోసినట్టు అక్కడ పేరుకున్నాయి. బరువైన రేణువులు మిగిలి, తేలికైనవి కొట్టుకుపోయాయి. అమ్మ చాటలో బియ్యం చెరిగినట్టే! ఆ ఎర్ర రేణువుల్లో ఇనుము ఎక్కువ, గోమేధికంలో కాల్షియం ఎక్కువ. అన్నదమ్ములన్నమాట. వాటి మీద చెప్పుల్లేకుండా నడిచే జాలరి పిల్లలందరికీ రాహు దోషం పోయిందా? పోయిందని ఏ జ్యోతిష్కుడూ చెప్పడు.

1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలో కరిగించి కెంపులు చేసే పద్ధతిని ప్రకటించాడు. అవి గాజుముక్కలు కావు, అచ్చమైన కెంపులే. గనిలోని కెంపుకూ దీనికీ పదార్థంలో తేడా లేదు. అయినా “ఫ్యాక్టరీ రాయికి మహిమ ఉండదు” అంటారు. అంటే మహిమ పదార్థంలో లేదని వాళ్లే ఒప్పుకున్నట్టు! మరి ఎందులో ఉంది? ధరలోనా?

“మా వాడు పచ్చ పెట్టుకున్నాకే పాసయ్యాడు” అని ఒకరు చెబుతారు. కావచ్చు. కాని ఆ పిల్లవాడు ఆ ఏడు చదువుకున్నాడు కూడా. పచ్చ పెట్టుకుని తప్పినవాళ్లు ఎందరో, పెట్టుకోకుండా పాసయినవాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు? దీనికి గీటురాయి కష్టమేమీ కాదు. రెండు వందల మంది పిల్లలను తీసుకుని, చీట్లు వేసి రెండు జట్లు చేయండి. ఒక జట్టుకు అసలు పచ్చ, రెండో జట్టుకు అచ్చం అలాగే ఉండే ఆకుపచ్చ గాజు. ఎవరిది ఏదో పిల్లలకూ తెలియకూడదు, పేపర్లు దిద్దే మాస్టర్లకూ తెలియకూడదు. తరువాత మార్కులు పోల్చండి. కొత్త మందులను శాస్త్రజ్ఞులు ఇలాగే పరీక్షిస్తారు. పచ్చను అమ్మేవారు ఈ పరీక్షకు ఎందుకు ముందుకు రారో మీరే ఆలోచించండి.

ఉప్పు చిటపటలాడితే

బాపట్ల జిల్లా తీరంలో చినగంజాం ఉప్పు కొఠార్లకు పేరుపొందింది. ఉప్పు మీద బ్రిటిషు ప్రభుత్వం పన్ను వేసి ఖజానా నింపుకుంది. ఆ పన్నును ఎదిరించి 1930లో దేశమంతటితో పాటు మన ఆంధ్ర తీరంలోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగింది. సముద్రం ఊరికే ఇచ్చే ఖనిజం ఇలా ప్రభుత్వానికి డబ్బయింది, ప్రజలకు పోరాటమయింది.

అదే ఉప్పుతో అమ్మమ్మ దిష్టి తీస్తుంది. గుప్పెడు గల్లుప్పు తిప్పి నిప్పుల్లో వేస్తుంది. చిటపటలాడగానే “చూశావా, ఎంత దిష్టి ఉందో!” అంటుంది. నిజానికి ఉప్పు గల్లులో సముద్రపు నీరు సన్నని బిందువులుగా చిక్కుకుని ఉంటుంది. వేడికి అది ఆవిరై గల్లును పగలగొడుతుంది. అదే శబ్దం. దిష్టి తగలని ఇటుకరాయికి తిప్పి వేసినా అదే చప్పుడు వస్తుంది. కావాలంటే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చేసి చూడండి, కొంచెం దూరంగా నిలబడండి. పటికదీ ఇదే కథ. పటిక బరువులో దాదాపు సగం నీరే. కాల్చినప్పుడు ఆ నీరు ఆవిరై పటిక పొంగి వింత ఆకారాలు వస్తాయి. అందులో ఎవరి కన్నో కనిపించిందంటారు. మబ్బుల్లో ఏనుగులు కనిపించినట్టే అదీను.

పటికకు అసలైన గొప్పతనం ఇంకోటి ఉంది. కృష్ణా కాలవల్లో ఎర్రనీరు వచ్చే రోజుల్లో బిందెలో పటిక తిప్పితే మట్టి అడుక్కు దిగుతుంది. (క్రిములన్నీ చావవు కనుక తేరిన నీటిని కాచి తాగాలి.) ఈ గుణం నమ్మినవాడికీ, నమ్మనివాడికీ సమానంగా పనిచేస్తుంది. అదే దాని అందం.

“నమ్మితే నష్టమేమిటి?”

ఇది చాలామంది అడిగే ప్రశ్న. దిష్టి తీస్తే గుప్పెడు ఉప్పేగా పోయేది, మనవడి మీద ప్రేమ అది, దానికి అమ్మమ్మను వెక్కిరించడం తప్పు. నేనూ ఒప్పుకుంటాను. కాని అన్ని నమ్మకాలూ గుప్పెడు ఉప్పుతో ఆగవు.

‘రైస్ పుల్లింగ్’ అనే మోసం విన్నారా? పిడుగు పడిన రాగి చెంబుకు ఇరిడియం శక్తి వచ్చిందనీ, అది బియ్యపు గింజలను లాగుతుందనీ, విదేశాల్లో కోట్లు పలుకుతుందనీ చెబుతారు. ఆశపడి లక్షలు పోసి మోసపోయినవాళ్లు ఉన్నారు. తెలుగు నాట ఎన్నోచోట్ల పోలీసు కేసులు నమోదయ్యాయి. ఇరిడియం ప్లాటినం జాతికి చెందిన అరుదైన లోహం. పిడుగు పడితే రాగి ఇరిడియంగా మారదు. ఇరిడియానికి బియ్యాన్ని లాగే శక్తీ లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాచితే ఎవరైనా ఆ తమాషా చూపించవచ్చు. మంత్రమూ, డబ్బూ ఒకే బిళ్లలో కలిస్తే ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతకంటే పెద్ద నష్టం ప్రాణ నష్టం. మనది వరి పండే డెల్టా. కోతల వేళ, రాత్రి కాలవ గట్ల మీద పాము కాటు భయం ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు కొందరు ఆసుపత్రికి బదులు ‘విషం లాగే రాయి’ ఉన్నవాడి ఇంటికి పరుగెత్తుతారు. ఆ నల్లరాయి గాయానికి అతుక్కుంటుంది, విషమంతా తాగి దానంతట అదే రాలిపోతుందంటారు.

అతుక్కోవడం నిజమే. ఈ రాళ్లలో చాలావరకు కాల్చిన ఎముక ముక్కలు. వాటి నిండా సన్నని రంధ్రాలు ఉంటాయి. తడి తగిలితే పీల్చుకుని అతుక్కుంటాయి. కొత్త కుండ పెంకు నాలుకకు అతుక్కుంటుందే, అలాగ. తడితో నిండగానే ఊడిపోతాయి. కాని పాము కోర ఇంజెక్షను సూది వంటిది. విషాన్ని చర్మం కిందికి, లోతుగా దింపుతుంది. అది అక్కడినుంచి ఒంట్లోకి పాకిపోతుంది. పైన అంటించిన పెంకు దాన్ని వెనక్కి లాగలేదు.

ఇది నిన్నా మొన్నా తేలిన సంగతి కాదు. మన దేశం నుంచి తీసుకుపోయిన పాము రాళ్లను ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి అనే వైద్యుడు జంతువులపై పరీక్షించి, వాటిలో మహిమ లేదని 1671లోనే పుస్తకం ప్రకటించాడు. 2007లో మళ్లీ చుంచెలుకలపై జరిపిన పరీక్షలోనూ నల్లరాయి పనిచేయలేదని తేలింది. మరి రాయి పెట్టించుకున్నవాళ్లలో కొందరు బతుకుతారెందుకు? చాలా పాములకు విషమే లేదు. విషం ఉన్న పాము కూడా ఒక్కొక్కసారి విషం దింపకుండానే కరుస్తుంది. వాళ్లు రాయి లేకపోయినా బతికేవాళ్లే. కీర్తి మాత్రం రాయికి దక్కుతుంది. చనిపోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు గదా!

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో దాదాపు పన్నెండు లక్షల మంది చనిపోయి ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. ఏడాదికి సగటున 58,000 మంది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లు. మన ఆంధ్ర కూడా ఈ బాధ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే విరుగుడు మందు ఉంది. అది ఆసుపత్రిలో ఉంటుంది, ఎవరి జేబులోనూ ఉండదు.

కనుక ఇది గుర్తుపెట్టుకోండి. పాము కరిస్తే భయపెట్టకండి, పరుగెత్తించకండి. కరిచిన చెయ్యీ కాలూ కదలకుండా ఉంచండి. కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. వాపు వస్తుంది కనుక గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి, అది ఎంత మహిమగల ఉంగరమైనా సరే! పామును పట్టే ప్రయత్నం చేయకండి. 108కి ఫోను చేసి తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. రాయి కోసం పోయే ఒక్క గంట ప్రాణం ఖరీదు కావచ్చు.

రాళ్లలో నిజమైన అద్భుతాలు

మహిమలు తీసేస్తే లోకం చప్పగా అయిపోతుందని భయపడకండి. 1960లో థియొడోర్ మైమన్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు కృత్రిమంగా తయారైన ఒక కెంపు కడ్డీని తీసుకుని, దాని మీద తీవ్రమైన వెలుగు ప్రసరింపజేసి, ప్రపంచంలో మొదటి లేజరును వెలిగించాడు. ఫ్యాక్టరీ కెంపే ఆ పని చేసింది! భట్టిప్రోలు భరిణెల స్ఫటికం జాతిదే మీ గోడ గడియారంలో ఉన్న చిన్న క్వార్ట్జ్ ముక్క. విద్యుత్తు తగిలితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టే గడియారం నడుస్తుంది. సూర్యలంక ఇసుకలో ఉన్న ఇల్మనైటు వంటి ఖనిజం నుంచి తెల్ల రంగులకు కావలసిన టైటానియం ఆక్సైడు తీస్తారు. ఉప్పుకు కాసింత అయొడిన్ కలిపితే గొంతు వాపు జబ్బు రాకుండా కాపాడుతుంది.

ఇవన్నీ కథల్లోని మణులకేమీ తీసిపోవు. అయితే ఇవి మనం బతిమాలినందువల్ల పనిచేయలేదు. వాటి గుణాన్ని కొలిచి, పరీక్షించి, తెలుసుకున్నందువల్ల పనిచేశాయి.

ఖనిజాలకు విలువ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మనుషుల ఒప్పందం. నాణెం ఆ దారిన వచ్చింది. రెండోది, ఖనిజపు సొంత గుణం. పటిక, ఉప్పు, లేజరు కెంపు ఆ దారిన వచ్చాయి. మహిమ అమ్మేవాడు రెండో దారిలో వచ్చానంటాడు, రుజువు అడిగితే మొదటి దారి చూపిస్తాడు. “రోగం తగ్గిస్తుంది” అనడం ప్రకృతి గురించి చెప్పిన మాట, “అందరూ నమ్ముతున్నారు” అనడం బజారు రుజువు. నోటు చెల్లుతుందా లేదా అన్నది మనం నిర్ణయించుకోవచ్చు. విషం దిగుతుందా లేదా అన్నది మనం ఓటు వేసి నిర్ణయించలేం.

ఈ సెలవుల్లో సూర్యలంక వెళితే ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో తిప్పండి. అంటుకున్న నల్లరజనును భూతద్దంతో చూడండి. రేపల్లె వైపు వెళితే భట్టిప్రోలులో దిగి స్తూపం చూసి రండి. ఎవరైనా ఒక రాయి చూపించి దాని మహిమ చెబితే, కోప్పడకుండా, వెక్కిరించకుండా, వినయంగా ఒక్క ప్రశ్న అడగండి: “దీన్ని ఎలా పరీక్షించారండీ?” ఈ మాట అడగడం నేర్చుకున్న పిల్లలు ఒక ఇంట్లో ఒక్కరున్నా, ఆ ఇంట్లో పాము కరిచిన నాడు బండి తిన్నగా ఆసుపత్రికే వెళుతుంది.